ఎదురు వాసన

సత్యవతమ్మ ముక్కు సంగతి బందరులో పిల్లల్ని కన్న తల్లులందరికీ తెలుసు. చూడ్డానికి అదేమీ సంపెంగ మొగ్గ కాదు, చప్పిడి ముక్కు, అందులోనూ ఎడమపక్కకి కాస్త ఒరిగినది. కానీ పురిటిపిల్లాడి మాడు మీద ఒక్కసారి ఆనించి తీసిందంటే, వాడికి తెల్లవారుజామున ఒళ్ళు వెచ్చబడిందో లేదో, వాళ్ళమ్మ పత్యం తప్పి ఆవకాయ నంజుకుందో లేదో చెప్పేస్తుంది. బచ్చుపేటలో ఒక బాలింత అలాగే దొరికిపోయి, అత్తగారి ముందు తలెత్తలేక గోడవైపు తిరిగి పడుకుంది. అలాంటి ముక్కున్న మనిషి, పసిగట్టిన సంగతిని పైకి చెప్పకుండా మింగేసింది. మింగేసి ఎంత పని చేసిందో చెబుతాను, వినండి.

ఆవిడ పని పసిపిల్లలకి నీళ్ళు పోయడం. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, వాటి మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టి, నూనె పట్టించి, నలుగు పెట్టి, మోచేత్తో వేడి చూసుకుంటూ నీళ్ళు పోస్తుంది. ఆ మాటకొస్తే నీళ్ళు ఎవరైనా పోస్తారు. సత్యవతమ్మ గొప్పంతా ఆ తర్వాత వేసే ధూపంలో ఉంది. కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి, దంచిన వట్టివేళ్ళు, కచ్చూరాలు, చిటికెడు వాము, గుప్పెడు వెల్లుల్లి పొట్టు వేసి, ఆ పొగ మీద వెదురుబుట్ట బోర్లిస్తుంది. బుట్ట మీద పిల్లాడి గుడ్డలు పరుస్తుంది. కాసేపటికి గుడ్డ పొడిగా, వెచ్చగా, గుమగుమలాడుతూ చేతికొస్తుంది. ఆ గుడ్డలో చుట్టిన పిల్లాడు మూడు గంటలు కదలకుండా నిద్రపోతాడని వీధుల్లో చెప్పుకుంటారు. సగం నిజం, సగం బాలింతల ఆశ.

ఈ విద్య అత్తగారు నేర్పింది. ఆవిడకి ఏ సందేహం వచ్చినా ఒకటే జవాబు. "వాసనకి ఎదురు వాసనే మందే పిల్లా" అనేది. పిల్లాడు కక్కిన పాల వాసనకి వాము పొగ. వానాకాలం ఆరని గుడ్డల ముక్క వాసనకి సాంబ్రాణి. సత్యవతమ్మ పెనిమిటి అంకమ్మరావు పెడనలో కలంకారీ అచ్చులు అద్దే పనివాడు. పాత ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నల్లరంగు కంపు అతని చొక్కాకి పట్టుకుని చాకిరేవుకి వేసినా వదిలేది కాదు. ఆ చొక్కాలు కూడా బుట్ట మీద పరిచేది. కంపు పోయేది. పోయిందనే ఆవిడ ఇన్నాళ్ళూ నమ్మింది.

ఈ శ్రావణంలో ఈడేపల్లి నుంచి విజయలక్ష్మిగారు కబురు పెట్టారు. ఆవిడ పామర్రు హైస్కూల్లో ఇరవైతొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పటికీ ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తే నలభయ్యేళ్ళ మగవాడు కూడా చొక్కా గుండీ పెట్టుకుంటాడు. భర్త నరసింహమూర్తిగారు బ్యాంకులో గుమాస్తాగా చేసి, ఇంట్లో కూడా గుమాస్తాగానే మిగిలిపోయారు. ఒక్కగానొక్క కూతురు సాయిసుధకి పెళ్ళై ఏడేళ్ళు, రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి మగపిల్లాడు పుట్టాడు. మూడోరోజు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ఆ పిల్లాణ్ణి చూసే తీరులోనే ఆ ఇంట్లో అందరి ప్రాణాలూ ఎక్కడున్నాయో తెలిసిపోతుంది.

పుట్టిన బిడ్డకి కొత్తగుడ్డ కట్టరు. పెద్దవాళ్ళు కట్టి విడిచిన పాతచీరలు చింపి, అంచులు కుట్టి వాడతారు. మెత్తగా ఉంటాయనీ, కట్టినవాళ్ళ ఆయుష్షు బిడ్డకి పోసుకుంటుందనీ నమ్మకం. విజయలక్ష్మిగారు ఈ మనవడి కోసం ఘంటసాలలో తమ్ముడి ఇంటి అటక మీద పదేళ్ళుగా మూసి ఉన్న ట్రంకుపెట్టె దింపించారు. పోయిన వాళ్ళమ్మ చీరలవి. ఇరవై రెండు గుడ్డలు స్వయంగా చింపి, స్వయంగా అంచులు కుట్టారు.

మొదటిరోజు నీళ్ళు పోయడం అయ్యాక విజయలక్ష్మిగారు ఆ దొంతర తెచ్చి, కళ్ళకద్దుకుని, సత్యవతమ్మ చేతుల్లో పెట్టారు.

"మా అమ్మ ఏడుగుర్ని కని ఏడుగుర్నీ దక్కించుకుంది సత్యవతీ. ఆ చేతి చలవ వీడికి రావాలి."

గుడ్డలు చేతిలో పడగానే సత్యవతమ్మ ముక్కు ముడుచుకుంది. ఘాటుగా, చల్లగా, కంట్లో గుచ్చుకునే వాసన. కలరా ఉండలు. పెట్టెలో బట్టల మడతల మధ్య పురుగు పట్టకుండా వేసే తెల్లటి గోళీలు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న పెట్టెలో ఆ వాసన నేతలో పోగుపోగుకీ ఎక్కేసింది.

"అమ్మగారూ, ఈ గుడ్డలు..." అంది.

"ఏం? గుడ్డలకేమైంది?" విజయలక్ష్మిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

రెండు గర్భాలు పోయిన ఇల్లు. తల్లి చీరలని కళ్ళకద్దుకున్న మనిషి. మంచిరోజు. నీళ్ళు పోసే ఆడది వచ్చిన మొదటిరోజే మీ అమ్మ చీరలు కంపు కొడుతున్నాయని ఎలా అంటుంది? బయట చూస్తే ముసురు, ఎండలో వెయ్యమనడానికి ఎండ లేదు.

"ఏం లేదండి. చెమ్మగా ఉన్నయ్యి. ధూపం వేసి ఇస్తా" అంది.

ఆ రోజు మామూలు కంటే ఎక్కువ సాంబ్రాణి వేసింది. వట్టివేళ్ళు రెండు గుప్పెళ్ళు వేసింది. ఇరవై రెండు గుడ్డలూ ఒక్కొక్కటే తిప్పి తిప్పి పొగ పట్టించి, అరచేత్తో సాపు చేసి మడతపెట్టింది. చివరికి ఒకటి తీసి ముక్కుకి ఆనించుకుంది. కలరా ఉండల జాడ లేదు. సాయిసుధ కూడా గుడ్డ వాసన చూసి, "అబ్బ, ఎంత బాగుందండీ పిన్నిగారూ" అంది. సత్యవతమ్మ లోలోపల పొంగిపోయింది. అదిగో, ఆ పొంగుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆరోరోజు పొద్దున నీళ్ళు పోస్తుంటే పిల్లాడి అరికాళ్ళు పసుపు నీళ్ళలో ముంచినట్టు కనిపించాయి. కంటిరెప్ప తీసి చూస్తే గుడ్డు కూడా పచ్చగా ఉంది. కాళ్ళ మీద వేసుకుంటే ఎప్పుడూ కాళ్ళు తన్నే పిల్లాడు ఆ రోజు తన్నలేదు.

"అమ్మగారూ, పసిపిల్లలకి కామెర్లు మామూలే గానీ అరికాళ్ళ దాకా దిగితే మంచిది కాదండి. ధూపం వద్దు, ఏమొద్దు. ఇప్పుడే డాక్టరు కాడికి తీసుకెళ్ళండి" అంది. ఆ మాట మాత్రం ఆవిడ మింగలేదు, ఆ పుణ్యం ఆవిడకి దక్కాలి.

వాళ్ళు పరుగెత్తారు. పిల్లల ఆసుపత్రిలో నీలం లైటు కింద పెట్టారు. ఆ సాయంత్రమే అల్లుడు హేమంత్ విజయవాడ నుంచి వచ్చాడు. ఇంట్లో కుంపటి, పొగ అని వినగానే అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. సత్యవతమ్మకి ఫోన్ చేసి, "పసిగుడ్డు ఊపిరితిత్తుల్లోకి పొగ పట్టించారు. మీరింక మా ఇంటి గుమ్మం తొక్కకండి" అన్నాడు.  ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడతో అంత మాట అన్నవాళ్ళు లేరు.

ఎనిమిదోరోజు పొద్దున తొమ్మిదింటికి చిలకలపూడిలో సత్యవతమ్మ ఇంటి ముందు స్కూటరు ఆగింది. వాన పడుతూనే ఉంది. వాన రోజుల్లో అచ్చులు అద్దినా ఆరవు కాబట్టి అంకమ్మరావు పెడన వెళ్ళకుండా అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. నరసింహమూర్తిగారు రెయిన్‌కోటులో నీళ్ళు కారుతూ గుమ్మంలో నిలబడ్డారు. రెండు రోజుల్లోనే ఆయన చెంపలు లోపలికి పోయాయి.

"నీ ధూపం డబ్బా ఒకసారి ఇవ్వు సత్యవతీ. అందులో ఏమేం ఉన్నాయో చూపించమంది డాక్టరు."

"పిల్లాడికి ఎట్టా ఉందండి?"

"లైటు కింద పెట్టినా తగ్గట్లేదు. పెరుగుతోంది. వాడి రక్తం వాడి ఒంట్లోనే విరిగిపోతోందిట. ఎందుకు విరుగుతోందో తెలియట్లేదు. ఇలాగే పెరిగితే ఆ పచ్చదనం మెదడుకి..." ఆయన మొహం మీది వాననీళ్ళు తుడుచుకున్నారు. "ఏమేమో అడుగుతున్నారు. అత్తరు పూశారా, కర్పూరం రాశారా, ఇంట్లో కలరా ఉండలు వాడతారా అని. విజయ బీరువాలన్నీ వెతికించింది. మా ఇంట్లో అవి లేనే లేవు. అదే చెప్పాం."

సత్యవతమ్మ అప్పటికే గూట్లోంచి డబ్బా తీసింది. చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

"ఇదేనా? ఇంకేమైనా వేశావా?"

"ఇదేనండి" అంది. ఆ తర్వాతి మాట గొంతుదాకా వచ్చింది. పెట్టెలో వాసన నాకు మొదటిరోజే తెలుసండి అన్న మాట. వెనక అరుగు మీద అంకమ్మరావు దగ్గాడు. ఆ మాట కాస్తా కిందికి దిగిపోయింది.

ఆయన డబ్బా తీసుకుని స్కూటరెక్కారు. ముందు కొక్కేనికి ప్లాస్టిక్ సంచీ వేలాడుతోంది.

"ఆ సంచీ ఏంటండి?"

"నువ్వు మడతపెట్టిన గుడ్డలే. పాలకి బయటికి తీసినప్పుడు చుట్టడానికి రోజూ నాలుగు కావాలంటున్నారు." బండి కదిలి, వీధి మలుపు తిరిగిపోయింది.

సత్యవతమ్మ గుమ్మంలోనే నిలబడి బండి పోయినవైపే చూసింది. అంకమ్మరావు దగ్గరికి వచ్చాడు. నలభయ్యేళ్ళు కాపురం చేసినవాడు, మొహం చూస్తే చాలు.

"ఏంటి? ఏం దాస్తన్నావు?"

చెప్పింది. అతను బీడీ పారేశాడు.

"నోరు మూసుకుని కూర్చో. వాళ్ళ పెట్టె, వాళ్ళ చీరలు, వాళ్ళ మనవడు. ఇప్పుడు నువ్వెళ్ళి నాకు ముందే తెలుసన్నావంటే తాడు నీ మెడకే పడుద్ది. పోలీసు కేసు పెట్టినా పెడతారు."

"నాకు తెలిసింది వాసన. అది పిల్లాణ్ణి తింటదని నాకేం తెలుసయ్యా?"

"ఆ తేడా ఎవరడుగుతారే? తెలిసి పొగేసి కప్పెట్టిందంటారు."

కప్పెట్టింది నిజమే. దొంగ దోచుకుపోతుంటే చప్పుడు వినపడకుండా తలుపు మూసినట్టయింది తన ధూపం. ఆవిడ పొగ వేయకపోతే, ఆ గుడ్డలు పట్టుకున్న మొదటి నర్సే ఇదేం వాసన అని అడిగి ఉండేది. ఇప్పుడు ఎంత పెద్ద డాక్టరైనా ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చేది సాంబ్రాణి పరిమళమే. లోపల విషం అలాగే ఉంది. ఆ సంచీలో గుడ్డలు ఈపాటికి కోనేరు సెంటరు దాటి ఉంటాయి. ఇంకాసేపట్లో అందులో ఒకటి పిల్లాడి ఒంటికి చుట్టుకుంటుంది.

విజయలక్ష్మిగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నరసింహమూర్తిగారికి చేసింది. ఆయన బండి మీద ఉన్నారు, ఎత్తలేదు. మళ్ళీ విజయలక్ష్మిగారికి చేసింది. ఈసారి స్విచాఫ్ అని వచ్చింది.

సత్యవతమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వీధిలోకి దిగింది.

"వెళ్తే నిన్ను ఒక్క ఇంటికీ పిలవరే!" అంకమ్మరావు వెనకనుంచి అరిచాడు.

"పిలవకపోతే మానె" అంది. 

సెంటర్లో తోమాసు ఆటో కనిపించింది. మంగినపూడి వైపు నుంచి చేపల బుట్టలు దింపి ఖాళీగా నిలబడ్డాడు. అతని ఇద్దరు పిల్లలకీ సత్యవతమ్మే నీళ్ళు పోసింది. ఆవిడ మొహం చూసి ఎక్కడికని కూడా అడగలేదు, బండి స్టార్ట్ చేసి, "చెప్పు పిన్నీ, ఎటు?" అన్నాడు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. రెండుచోట్ల బండి ఆగిపోతే దిగి తోశాడు. సత్యవతమ్మ కూడా దిగి తోసింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నీళ్ళలో చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. రెండోది ఆవిడే విసిరేసింది.

ఆసుపత్రి పై అంతస్తులో, పసిపిల్లల వార్డు తలుపు దగ్గర విజయలక్ష్మిగారు, హేమంత్ నిలబడి ఉన్నారు. నీళ్ళలో స్కూటరు ఆగిపోయి ఆలస్యమైన నరసింహమూర్తిగారు అప్పుడే వచ్చి సంచీ అందిస్తున్నారు. నర్సు చెయ్యి చాపింది.

"వద్దమ్మా! అది తీసుకోవద్దు!" సత్యవతమ్మ మెట్ల దగ్గరనుంచే కేకేసింది.

హేమంత్ అడ్డం వచ్చాడు. "మీరెందుకొచ్చారు? రావద్దని చెప్పానుగా."

"బాబూ, నన్ను తర్వాత తిట్టండి. ముందు ఆ గుడ్డలు పిల్లాడికి తగలనివ్వకండి. ఆ పెట్టెలో కలరా ఉండలు ఉన్నయ్యి."

"లేవు" అన్నారు విజయలక్ష్మిగారు.  "పెట్టె విప్పింది నేను. ఒక్కొక్క చీరా దులిపింది నేను. ఒక్క ఉండ కూడా లేదు. డాక్టరుకి అదే చెప్పాను."

"ఉండలు లేవండి. పదేళ్ళకి కరిగి గాల్లో కలిసిపోతయ్యి. వాసన మిగిలింది, గుడ్డల్లో ఉంది."

హేమంత్ సంచీలోంచి ఒక గుడ్డ లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏదీ? సాంబ్రాణి వాసనేగా ఇది?" నరసింహమూర్తిగారు చూశారు. నర్సు చూసింది. ఎవరికీ ఇంకో వాసన తెలియలేదు.

విజయలక్ష్మిగారు ఒక అడుగు ముందుకి వేశారు. "నీ పొగ తప్పు కప్పిపుచ్చుకోడానికి పోయిన మా అమ్మ మీదికి నెడతావా సత్యవతీ? ఆవిడ చీరలు నా మనవణ్ణి చంపుతున్నాయంటావా?"

ఆ మాటకి సత్యవతమ్మ మామూలుగా అయితే వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. ఆవిడకీ ముక్కు మీదే కోపం. కానీ తలుపు అద్దంలోంచి లోపల నీలం వెలుతురు కనిపిస్తోంది, దానికింద కళ్ళకి గంతలు కట్టిన పిడికెడు పిల్లాడు కనిపిస్తున్నాడు. కాళ్ళు కదలడం లేదు.

"వేడినీళ్ళు కావాలి" అంది.

బెంచీ మీద సాయిసుధ కోసం తెచ్చిన ఫ్లాస్కు ఉంది. ఎవరి అనుమతీ అడగకుండా తీసి, పక్కనున్న టిఫిన్ గిన్నె మూత తెరిచి, గుడ్డ అందులో కుక్కి, పొగలు కక్కే నీళ్ళు పోసి మూత పెట్టింది. రెండు చేతులతో మూత అదిమిపట్టుకుని నేల మీద కూర్చుంది. "పిచ్చిదానిలా ఏమిటిది, సెక్యూరిటీని పిలవండి" అన్నాడు హేమంత్. గోలకి లోపలినుంచి డాక్టరు తేజస్విని బయటికి వచ్చింది. ముప్పై దాటని పిల్ల, కంటికింద నిద్రలేని చారలు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"ఒక్క నిమిషం ఓపిక పట్టండి తల్లీ" అంది సత్యవతమ్మ.

ఆ ఒక్క నిమిషం ఆవిడకి ఎంత పొడుగైందో నేను చెప్పలేను. ఒకవేళ తన ముక్కే పొరపాటు పడి ఉంటే? వాసన రాకపోతే? అప్పుడు పిల్లాడూ దక్కడు, పరువూ దక్కదు, పోయిన ముసలావిడ మీద నింద వేసిన పాపం మిగులుతుంది. చెయ్యి కాలుతున్నా మూత వదల్లేదు.

మూత తీసింది. మొదట సాంబ్రాణి లేచింది, తడి పొగ వాసన. హేమంత్ నోరు తెరవబోయాడు. ఆ వెనకే, ఆవిరితోపాటు, ఘాటుగా, కంట్లో గుచ్చుకుంటూ ఆ రెండో వాసన పైకి వచ్చింది. నర్సు ముక్కు మూసుకుంది. డాక్టరు తేజస్విని గిన్నె మీదికి వంగి, ఒక్కసారి పీల్చి, నిటారుగా లేచింది. ఆ పిల్ల మొహంలో రంగు మారిపోయింది.

"నాఫ్తలీన్" అంది. వెంటనే నర్సు వైపు తిరిగి, "లోపల వాళ్ళ గుడ్డలన్నీ తీసెయ్యండి, దుప్పటితో సహా. బాబుని తుడిచి మన గుడ్డలు వెయ్యండి. ఎంజైమ్ పరీక్షకి శాంపిల్ తీయండి, రక్తం మార్చడానికి బ్లడ్ బ్యాంకుకి ఇప్పుడే ఫోన్ చేయండి" అంది. హేమంత్‌తో, "కొందరు మగపిల్లల రక్తంలో పుట్టుకతోనే ఒక ఎంజైమ్ తక్కువ ఉంటుందండీ. వాళ్ళకి ఈ కలరా ఉండల ఘాటు తగిలితే ఎర్రకణాలు పగిలిపోతాయి. రెండు రోజులుగా మేం లైటు పెట్టి తగ్గిస్తున్నాం, ఈ గుడ్డలు మళ్ళీ పెంచుతున్నాయి" అని, సత్యవతమ్మ వైపు తిరిగింది.

"మీకు ఈ వాసన ఎప్పుడు తెలిసింది?"

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఇవాళే అనుమానం వచ్చిందని ఒక్క మాట అంటే చాలు, తప్పించుకుని పోవచ్చు. పిల్లాడికి జరగాల్సిన వైద్యం ఎలాగూ జరుగుతుంది.

"మొదటిరోజే అండి. గుడ్డలు చేతిలో పడగానే."

"మరి చెప్పలేదేం?"

"చెప్పలేకపోయానండి. కంపు పోతే చాలనుకున్నా. పొగేసి కప్పెట్టా." ఆవిడ చేతులు జోడించింది. "హాని చేస్తదని తెలియదు తల్లీ. నా పిల్లల మీద ఒట్టు, తెలియదు."

డాక్టరు ఏదో అనబోయి, ఆగి, "ఇకమీదట ఏ పసిపిల్లకీ పొగ వెయ్యకండి, ఏ పొగైనా మంచిది కాదు" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. హేమంత్ గోడకి తల ఆనించి ఏడ్చాడు. విజయలక్ష్మిగారు గిన్నెలో తడి గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళమ్మ ఆకుపచ్చ నేతచీర అంచు అది.

మధ్యాహ్నానికి రక్తం వచ్చింది. సిరంజితో కొంచెం తీసి, కొంచెం ఎక్కిస్తూ, గంటల తరబడి మార్చారు. మధ్యలో ఒకసారి పిల్లాడు ఊపిరి పట్టేశాడని నర్సులు అటూ ఇటూ పరుగెత్తారు. అప్పుడు సాయిసుధ వేసిన కేక ఆ అంతస్తంతా వినపడింది. సత్యవతమ్మ మంచినీళ్ళ కుళాయి పక్కన నేల మీద కూర్చుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. తోమాసు టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకి డాక్టరు తేజస్విని బయటికి వచ్చింది. పొద్దున ఇరవై ఆరున్న కామెర్ల లెక్క పధ్నాలుగుకి దిగిందని చెప్పింది. పాల కోసం వెతుక్కుంటున్నాడని చెప్పింది. మెదడుకి ఏమీ కాలేదనే అనుకుంటున్నామనీ, కొన్ని వారాలు పోయాక వినికిడి పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేమనీ చెప్పింది. నరసింహమూర్తిగారు చేతులెత్తి నమస్కారం పెట్టారు.

అందరూ అద్దం దగ్గరికి వెళ్ళారు. సత్యవతమ్మ వెళ్ళలేదు. లేచి, కొంగు పిండుకుని, మెట్ల వైపు నడవబోయింది.

"సత్యవతీ."

విజయలక్ష్మిగారు వెనకే వచ్చారు. తిడతారని సత్యవతమ్మ తల వంచుకుని నిలబడింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఆ రోజు నువ్వు 'ఈ గుడ్డలు' అని నోరు తెరిచావు. నేను చూశాను. నాకూ ఏదో వాసన తగిలింది. మా అమ్మ పెట్టెకి వంక చెబుతావేమోనని, నువ్వు మాట పూర్తి చెయ్యకుండా గట్టిగా అడిగాను. కావాలనే అడిగాను." ఆవిడ కళ్ళజోడు తీసేశారు. "పొద్దున డాక్టరు నిన్ను ఎందుకు చెప్పలేదని అడిగినప్పుడు ఆ మాట చెప్పాల్సింది నేను. నోరు రాలేదు. అల్లుడు పక్కనే ఉన్నాడు."

సత్యవతమ్మ ఉదయం నుంచి ఒక్కత్తే మోస్తున్న బరువులో ఇంకో చెయ్యి పడింది. కానీ దాన్ని మొత్తంగా ఆ చేతికి వదిలెయ్యడం ఆవిడకి చాతకాలేదు.

"మీరు కొట్టినా నేను చెప్పాల్సిందండి అమ్మగారూ. మీకు తగిలింది ఏదో వాసన. అదేంటో తెలిసింది నాకొక్కదానికే."

విజయలక్ష్మిగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. మూత అదిమినచోట అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. అది చూసి, పాఠం చెప్పే గొంతుతో, "హేమంత్, ఇలా రా. నీతో ఒక మాట చెప్పాలి" అని పిలిచారు.